వసారాలో వీడియో గేమ్ వేలం

నాగాయలంక నుంచి శ్రీను బావ ఫోన్ చేసి, "రమా, ఆదివారం ఓసారి రావాలి. ఇక్కడ ఒక సరుకు వేలం వెయ్యాలి, వేసే మనిషి లేడు" అన్నప్పుడు నాకు అన్నిటికన్నా ముందు ఒక వాసన గుర్తుకు వచ్చింది. చేపలు పంపే థర్మోకోల్ పెట్టె మూత తీయగానే ముక్కుకు తగిలే వాసన అది. ఎండుమెత్తళ్ళు, కరిగిపోయిన ఐసు, ఉప్పుగాలి, వాటి అడుగున ఎక్కడో కొత్త ప్లాస్టిక్కు. ఒకప్పుడు మా ఇద్దరి ప్రాణమూ అలాంటి పెట్టెలోనే ఉండేది.

శ్రీను మా పెద్దమావయ్య కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. భార్య పద్మతో నాగాయలంకలోనే ఉంటూ చేపల చెరువులు చూసుకుంటున్నాడు. పదకొండేళ్ళ కూతురు హర్షిత ఏడాదిగా పోరుతుంటే, చేతిలో పట్టుకుని ఆడుకునే రంగుల వీడియో గేమ్ ఒకటి బందరులో కొన్నాడు. కొన్నాడే గాని పిల్ల చేతికి ఇంకా ఇవ్వలేదు.

"కొన్నాక ఇచ్చెయ్యక వేలమేంటి బావా?" అన్నాను.

"కొనేటప్పుడు బానే ఉంది. ఇంటికొచ్చాక భయమేసింది. సీలు తియ్యకపోతే సోమవారం దాకా వెనక్కి తీసుకుంటానన్నాడు కొట్టతను. మీ పద్మక్కేమో నువ్వే తెచ్చావు, నువ్వే తేల్చుకోమంటోంది. పిల్ల అన్నం మానేసింది."

"నిజంగా మానేసిందా?"

"మధ్యాహ్నం మానేసింది. రాత్రి రెండింతలు తిన్నదిలే. నువ్వు డిబేట్లు చేసినదానివి. వచ్చి తాతయ్య పద్ధతిలో తేల్చు. ఉంచమంటే ఉంచుదాం, పంపమంటే పంపుదాం."

గుడివాడలో ఎక్కిన బస్సు పామర్రు, కూచిపూడి దాటి చల్లపల్లి వైపు సాగుతున్నంతసేపూ నేను ఆ పద్ధతి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మా అమ్మ తండ్రి బందరు రేవులో చేపల వేలం వేసేవాడు. చీకటితో లేచి రేవుకు వెళ్ళడం, పడవల నుంచి దిగిన సరుకును గుట్టలుగా పోయించి పాట పెట్టడం, ఎండ ముదిరేసరికి ఇల్లు చేరడం ఆయన దినచర్య. ఇంట్లో మాత్రం గుసగుసగా తప్ప మాట్లాడేవాడు కాదు. గొంతు రేవుకు కావాలి కనుక ఇంట్లో ఖర్చు పెట్టకూడదన్నది ఆయన సిద్ధాంతం. రాగానే ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, పడకకుర్చీలో వాలేవాడు. మంచినీళ్ళు కావాలంటే నోరు మెదపకుండా గాలిలో చూపుడువేలితో గ్లాసు ఆకారం గీసేవాడు. అమ్మమ్మ ఏ పనిలో ఉన్నా, చేతులకు చేప పొలుసులు అంటుకుని ఉన్నా, ఆ వేలు చూసి లేచి వచ్చేది.

రేవులో ఆయన ఒక పద్ధతికి పేరుపడ్డాడు. పాట మొదలుపెట్టే ముందు సరుకు దోషం తానే చెప్పేవాడు. ఒకరోజు వెంటపడి రేవుకు వెళ్ళి నేను స్వయంగా విన్నాను. "ఈ గుట్టలో పైవి ఇవాళ్టివి, అడుగువి నిన్నటివి. చందువలు చిన్నవి. ఒప్పుకున్నవాళ్ళు పాడండి." ఇంట్లో గుసగుసలాడే మనిషి గొంతు అక్కడ పడవల ఇంజన్ల మోతను దాటి వినిపించింది. పడవల వాళ్ళు ఈ పద్ధతి మీద మొదట్లో పోట్లాడేవారట. ప్రశ్నించడం నాకు ఆ వయసుకే అలవాటు కనుక నేనూ అడిగాను.

"దోషం నువ్వెందుకు చెప్పాలి తాతయ్యా? కొనేవాళ్ళే చూసుకుంటారుగా."

"చూసుకుంటారు. చూసుకున్నాక మనం గుణం చెప్పినా నమ్మరు. అందుకని దోషం ముందు."

ఈ పద్ధతి రేవు దాటి మా ఇంటి వసారాలోకి రావడానికి కారకుడు మా చిన్నమావయ్య. ఆయన ఐసు లారీ మీద చేపలు మద్రాసు చేర్చి వచ్చేవాడు. ఒక వేసవిలో అక్కడి నుంచి వస్తూ అరచేతిలో ఇమిడే ఒక బూడిదరంగు యంత్రం తెచ్చి, "పిల్లలకి" అని గట్టు మీద పెట్టి, స్నానానికి వెళ్ళిపోయాడు. ఏ పిల్లలకో చెప్పలేదు. సెలవులకని గుడివాడ నుంచి నేనూ, నాగాయలంక నుంచి శ్రీనూ వచ్చి ఉన్నాం. ఎడమవైపు నాలుగు చిన్న మీటలు, కుడివైపు ఒక పెద్ద మీట, మధ్యలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద తెర. మీట నొక్కితే ఒక చిన్న పాట వచ్చేది, ఆ తరువాత పై నుంచి రకరకాల ఆకారాల్లో ఇటుకలు రాలేవి. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా వరస పేరిస్తే ఆ వరస మాయమయ్యేది. అంతే ఆట. ఆ అంతే అన్నదాని కోసం మేమిద్దరం మొదటి సాయంత్రమే ఒకరి జుట్టు ఒకరం పట్టుకున్నాం.

తాతయ్య సాయంత్రపు కునుకు పాడయింది. ఆయన లేచి వచ్చి, యంత్రాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, మొప్ప ఎత్తి చేప తాజాదా కాదా చూసే అలవాటు కొద్దీ వెనకాల బ్యాటరీల మూత కూడా ఎత్తి చూసి, పక్కనే ఉన్న ఖాళీ థర్మోకోల్ పెట్టెలో పడేశాడు. "రేపట్నుంచి నాలుగింటికి దీనికి వేలం. పాట డబ్బుల్తో కాదు, పనుల్తో. ఎవరు ఎక్కువ పని పాడితే ఆ సాయంత్రం వాళ్ళది. పని ముందు, ఆట తరవాత. ముందురోజు గెలిచినోళ్ళు మర్నాడు సరుకు అమ్మేవాళ్ళు. దోషం ఒకటి, గుణం ఒకటి చెప్పాలి. చెప్పిందే మళ్ళీ చెప్తే పాట రద్దు."

నాకు వెంటనే ఒక అభ్యంతరం తోచింది. "బావ నాకంటే పెద్ద. రెండు బిందెలు మొయ్యగలడు. రోజూ వాడే గెలుస్తాడు. అది న్యాయం కాదు."

"న్యాయమని ఎవరన్నారు? వేలమన్నాను" అన్నాడు తాతయ్య. "రేవులో కూడా అంతేగా. ఉన్నోడిదే పాట."

"అయితే రేవులోదీ న్యాయం కాదు."

శ్రీను పగలబడి నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. కరక్కాయను ఒక బుగ్గ నుంచి మరో బుగ్గకు మార్చి కాసేపు నన్ను చూసి, "బరువు పనులు పాటలోంచి తీసేశాం. ఇద్దరూ చెయ్యగలిగినవే పాడండి" అన్నాడు. వాదించి గెలవడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. ఆ తరువాత కాలేజీలో ఎన్ని పోటీలలో మాట్లాడినా, నియమం మారేటట్లు వాదించగలిగింది మాత్రం ఆ ఒక్కసారే.

ఇలా మేము ప్రతి సాయంత్రం ఒక వస్తువు గుణదోషాలను విచారించవలసి వచ్చింది. శ్రీను మొదటిసారి గెలిచి, మర్నాడు చెప్పిన దోషం రంగులు లేవని. గుణం, చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డా పగలలేదని. అది నిజమేనని ఋజువు చేయడానికి అక్కడే మళ్ళీ పడేశాడు. నా వంతు వచ్చినప్పుడు యంత్రం మీది రాతను పట్టుకున్నాను. "పైన తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాశారు. లోపల చూస్తే ఇటుకలు, పాము, కారు, ఇంకో నాలుగైదు. అవే మళ్ళీ మళ్ళీ వేగం మార్చి చూపిస్తున్నాడు" అన్నాను. తాతయ్య ముఖం విప్పారింది. "మొప్పలకి రంగేసిన సరుకు" అని, పాత చేపను తాజాదిగా చూపించే మోసానికి రేవులో అనే మాటను వేలం గొంతుతో ప్రకటించాడు. పక్కింటి వాళ్ళు కూడా తొంగి చూశారు. గుణం కింద, ఆటను మధ్యలో ఆపి పెట్టవచ్చని చెప్పాను. అమ్మమ్మ పిలిస్తే ఒక మీట నొక్కి, లేచి వెళ్ళి, డాబా మీద ఎండబెట్టిన మెత్తళ్ళ చేపల మీద వాలిన కాకులను తోలి తిరిగి వచ్చేసరికి, రాలుతున్న ఇటుక గాల్లోనే నిలిచి నా కోసం ఎదురుచూస్తూ ఉండేది. అష్టాచెమ్మాకు గాని, కబడ్డీకి గాని ఆ ఓర్పు లేదు. పైగా అష్టాచెమ్మాలో శ్రీను మోకాలితో గవ్వ తిరగేసేవాడు. ఈ యంత్రం ముందు ఆ మోకాలు పని చేయలేదు.

అన్నిటికన్నా పెద్ద దోషం నేను నా పాటతోనే కనిపెట్టాను. ఒకరోజు పంతం వచ్చి, శ్రీను కోళ్ళ గూడు ఊడుస్తానంటే నేను దానికి తోడు డాబా మీది మెత్తళ్ళన్నీ తిరగేస్తానన్నాను. అతను గిన్నెలు తుడుస్తానంటే నేను గిన్నెలూ, దీపాల చిమ్నీలూ అన్నాను. "ఇంకా పాడు, ఇంకా పాడు" అని ఎగదోసి, ఉన్నట్టుండి శ్రీను చేతులు కట్టుకుని ఊరుకున్నాడు. మూడోసారి అనిపించుకుని నేను పనిలోకి దిగాను. గూడు ఊడ్చి, మెత్తళ్ళు తిరగేసి, గిన్నెలు, చిమ్నీలు తుడిచి, విజయగర్వంతో పెట్టె మూత తీసేసరికి పొద్దు గూకింది. ఆ తెరలో వెలుగు లేదు. ఎండ వెలుతురు ఉంటేనే దానిలో బొమ్మ కనిపిస్తుంది. ఇంట్లోని గుడ్డి బల్బు చాలలేదు, లాంతరు పెడితే గాజు మీద లాంతరే కనిపించింది. నేను చీకట్లో మీటలు నొక్కుతూ, ఇటుకలు రాలుతున్న చప్పుడు మాత్రం వింటూ కూర్చున్నాను. శ్రీను దూరం నుంచి, "ఏం మరదలా, ఆట ఎట్లా ఉంది?" అని పరామర్శించాడు. మర్నాడు అమ్మేదానిగా నేను చెప్పిన దోషం అదే. తాతయ్య తల ఊపి, "సరుకు దోషం సగం, పాట దోషం సగం" అన్నాడు.

అప్పటి నుంచి మేము పాడే పనులను ఎండతో కొలవడం నేర్చుకున్నాం. బ్యాటరీలు నీరసిస్తే డాబా మీద మెత్తళ్ళ పక్కనే ఎండబెట్టేవాళ్ళం. కొన్నాళ్ళు ఊపిరి పోసుకునేవి, కాకపోతే యంత్రానికి శాశ్వతంగా ఆ వాసన పట్టింది. ఒక సాయంత్రం కరెంటు పోతే అమ్మమ్మ ఆ బ్యాటరీలనే తీసి టార్చిలైటులో వేసుకుంది. అంతటితో శ్రీను సాధించిన రికార్డు యంత్రం మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. "ఎంతో చెప్పు, మళ్ళీ అందులో రాయిస్తా" అని అమ్మమ్మ ఓదార్చబోయింది. మర్నాటి దోషం వెతుక్కోనక్కర లేకపోయింది.

ఇక్కడ మా ఇద్దరికీ ఒక తెలివి పుట్టింది. ఇద్దరం పోటీ పడబట్టే కదా పని పెరుగుతోంది, ఒకరు ఒక చిన్న పని పాడితే రెండోవాళ్ళు నోరు మూసుకుని, తరువాత ఆటను సగం సగం పంచుకుంటే సరిపోతుందని ఒప్పందం చేసుకున్నాం. మొదటి రోజు శ్రీను "కాకుల్ని తోలతా" అన్నాడు. నేను ఆకాశం చూశాను. పాట అక్కడే ముగిసింది. రెండో రోజు నేను "కాకులు" అన్నాను. శ్రీను ఆకాశం చూశాడు. ఇద్దరం ఒకే చోట చూస్తున్నామని తాతయ్య గమనించాడు. వ్యాపారులు కూడబలుక్కుని పాటను పెరగనివ్వకపోవడమన్నది ఆయన రేవులో జీవితమంతా పోరాడిన సమస్య. మేము కొత్తగా కనిపెట్టామనుకున్నది ఆయనకు రోజూ తెల్లవారితే ఎదురయ్యేది.

"కాకులు. ఒకటోసారి" అన్నాడు. మా ఇద్దరినీ చూశాడు. "రెండోసారి" అన్నాడు. ఆపై వంటింటి గుమ్మం వైపు తిరిగి, "ఏమే, నువ్వు పాడతావా?" అన్నాడు.

అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. మోచేత్తో నుదురు తుడుచుకుంది. "నేనేం పాడాలి?"

"చేసే పని ఏదన్నా."

"ఈ పూట వంట."

శ్రీను గగ్గోలు పెట్టాడు. "అది నువ్వు రోజూ చేసేదేగా నాయనమ్మా. అదెట్లా పాటయిద్ది?"

"అయితే నువ్వు పాడరా. చేపలు తోమి, మసాలా నూరి, పులుసు పెడతానని. నేను మానేస్తా."

శ్రీను నన్ను చూశాడు. నేను ఈసారి ఆకాశం చూడలేదు, నేల చూశాను. "వంట. మూడోసారి" అన్నాడు తాతయ్య.

పని ముందు, ఆట తరువాత గనుక అమ్మమ్మ వంట ముగించి వచ్చేసరికి చీకటి పడింది. "ఇంకేం కనపడుద్ది నీకు?" అని మేము లోపల సంబరపడ్డాం. ఆమె పెట్టెలోంచి యంత్రం తీసుకుని, వసారాలో గోడకు చేరగిలబడి, కాళ్ళు బారచాపుకుని, దానిని ఒళ్ళో పెట్టుకుంది. ఏదో ఒక మీట నొక్కింది. పాట వచ్చింది. ఇటుకలు రాలసాగాయి. ఆమె వాటివైపు చూడనైనా లేదు. సముద్రం మీద నుంచి వచ్చే గాలికి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆడనప్పుడు మాకివ్వవచ్చు కదా అని మేము లోలోపల కుతకుతలాడుతుంటే, పడకకుర్చీలో తాతయ్య చెయ్యి పైకి లేచి గాలిలో గ్లాసు ఆకారం గీసింది. అమ్మమ్మ ఒక కన్ను తెరిచి, ఒళ్ళోని యంత్రాన్ని ఎత్తి చూపించి, "ఆటలో ఉన్నాను" అంది.

తాతయ్య వేలు గాలిలోనే ఆగింది. నియమం పెట్టింది ఆయనే. పాట గెలిచిన మనిషిని ఆట మధ్యలో పనికి పిలవకూడదన్నది మా పోరు పడలేక ఈమధ్యే ఆయన చేర్చిన నియమం. ఆయన లేచి, వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు ఎక్కడుంటుందో తెలియక కాసేపు గిన్నెలు చప్పుడు చేసి, చివరికి చెంబుతోనే తాగి వచ్చాడు. శ్రీనూ నేనూ నవ్వాపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకున్నాం.

మర్నాడు అమ్మేది అమ్మమ్మ. నిలబడి చెప్పాలన్న నియమం ఆమె పట్టించుకోలేదు. "దోషమంటే, కష్టపడి పేర్చింది పేర్చినట్టే మాయమైపోద్ది. మళ్ళీ మొదటికే. ఆ మాటకొస్తే అంట్లు కూడా అంతేలే" అంది. గుణం ఏమిటని తాతయ్య అడిగాడు. "ఇది చేతిలో ఉంటే నన్నెవరూ పిలవలా" అంది. ఆ రోజు పాట ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు. ఆ మాట తరువాత తాతయ్య పాట మొదలుపెట్టడానికి కాస్త ఆలస్యం చేశాడన్నది మాత్రం గుర్తుంది.

సెలవుల చివరి రోజు అసలు వేలం జరిగింది. యంత్రం గుడివాడ వెళ్ళాలా, నాగాయలంక వెళ్ళాలా అన్నది తేలాలి. నేను వచ్చే వేసవి అంతా గూడు నేనే ఊడుస్తానన్నాను. "రాని పడవ మీద పాట లేదు. బస్సు ఎక్కేలోపు అయ్యే పనులే" అన్నాడు తాతయ్య. నేను మెత్తళ్ళన్నాను. శ్రీను మెత్తళ్ళూ, గూడూ అన్నాడు. నేను పై పాట వెతుక్కుంటూ ఉండగా అమ్మమ్మ చేతిలో దువ్వెనతో బయటికి వచ్చి, "ఇద్దరికీ తలలు దువ్వి, టిఫిను పెట్టి, పెట్టెలు సర్ది, బస్సు ఎక్కిస్తా" అంది. ఆ పాట మీద పై పాట ఉండదని మాకు అప్పటికి తెలుసు. యంత్రం బందరులోనే ఉండిపోయింది. నేను గుడ్లవల్లేరు దాకా ఏడ్చి, అక్కడ నన్ను తీసుకువెళ్ళడానికి వచ్చిన నాన్న కొనిచ్చిన వేరుశెనగకాయలు వలుచుకోవడంలో పడి ఆ సంగతి మరిచిపోయాను. తరువాతి వేసవులన్నిటిలోనూ బస్సు దిగి మేము ముందుగా పరిగెత్తింది ఆ థర్మోకోల్ పెట్టె దగ్గరికే. ఉప్పుగాలికి తిప్పే మీట బిగుసుకుపోయి, ఇటుకలు పడినవి పడినట్లే పేర్చవలసి వచ్చిన ఏడాది కూడా వేలం ఆగలేదు.

గుడివాడ కాలేజీలో మొదటిసారి డిబేటుకు నిలబడినప్పుడు అలవాటు కొద్దీ నా పక్షపు బలహీనతను ముందు చెప్పి, ఆ తరువాత బలం చెప్పాను. దిగి వస్తే నా జట్టులోని అమ్మాయి, "నువ్వు మా వైపా, వాళ్ళ వైపా?" అని నిలదీసింది. చాలా పోటీలు ఓడిపోయాను. అయినా ఆ వరస మార్చుకోలేదు, మార్చుకోవలసిన కారణం ఎవరూ నన్ను ఒప్పించేటట్లు చెప్పలేదు.

బస్సు అవనిగడ్డ దాటుతుండగా ఆనాటి యంత్రాన్నీ ఈనాటి యంత్రాన్నీ ఆ వరసలోనే బేరీజు వేసుకున్నాను. పాతదానికి ఉన్నన్ని దోషాలు మరే వస్తువుకూ ఉండవు. చీకటి పడితే పనికిరాదు, పాత గెలుపు గుర్తుంచుకోదు, ఒకరికి మించి ఆడలేరు, ఆటలు పట్టుమని పది లేవు. కానీ ఆ దోషాలే మా పెద్దవాళ్ళ పని సగం చేసి పెట్టాయి. పొద్దు గూకితే ఆట ఆగేది, ఎవరూ ఆపమని అరవనక్కర లేదు. కొత్తదానిలో ఆ లోపాలన్నీ సరిదిద్దారు. తెర తానే వెలుగుతుంది, ఎక్కడ ఆపామో తానే గుర్తుంచుకుంటుంది, రెండు పక్కలా మీటలు ఊడదీసి ఇద్దరు చెరొకటి పట్టుకోవచ్చు. ఈ చివరి గుణం మా కాలంలో ఉండి ఉంటే రెండు జుట్లు మిగిలేవి, దానిని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. లేమిలో పెరిగినందుకు లేమిని పొగడడం నాకు నచ్చదు. ఎటొచ్చీ, యంత్రం తానుగా ఆగదు గనుక, ఆపే పని ఇప్పుడు మనుషుల మీద పడింది. శ్రీను బావ భయం అదే.

నేను చేరేసరికి వసారాలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. బావ ఎక్కడి నుంచో ఒక థర్మోకోల్ పెట్టె తెచ్చి సీలు తీయని కొత్త డబ్బాను అందులో పెట్టాడు. తాతయ్య లేడు. అమ్మమ్మ ఇప్పుడు ఇక్కడే ఉంటోంది. ఆయన పడకకుర్చీలో ఆమె కూర్చుని ఉంది. పద్మక్క నాకు టీ ఇచ్చి, "నన్ను మాత్రం ఏమీ అడగొద్దమ్మా, నాకు పొయ్యి మీద పనుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. హర్షిత రెండు జడలు వేసుకుని, పోటీకి వచ్చినట్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"పిన్నీ, చెప్పనా? ఇది ఆడితే జ్ఞాపకశక్తి పెరుగుతుంది. ఏకాగ్రత పెరుగుతుంది. చేతికీ కంటికీ..."

"ఇవన్నీ ఎవరు చెప్పారు?"

"డబ్బా మీదే ఉంది."

"మొప్పలకి రంగు" అంది అమ్మమ్మ కుర్చీలోంచి. బావకు నవ్వుతో పొలమారింది.

"దోషం ముందు చెప్పాలమ్మా" అన్నాను.

హర్షిత తండ్రి వైపు అనుమానంగా చూసింది. దోషం చెబితే డబ్బా సోమవారం బందరు వెళ్ళిపోతుందని ఆ పిల్ల భయం. అయినా ఆలోచించి మొదలుపెట్టింది. "డబ్బా కొంటే ఆటలు రావు, ఆటలు వేరే కొనాలి. చార్జింగు పెట్టుకోవాలి. మన కరెంటు సంగతి తెలుసుగా." కాలు మార్చి నిలబడింది. "ఇంకోటుంది. మా ఫ్రెండు ఇంట్లో ఆడాను. ఆడుతున్నప్పుడు వాళ్ళమ్మ పిలిచింది. నాకసలు వినపళ్ళా. తరవాత వాళ్ళమ్మ వచ్చి భుజం తట్టింది. అంటే, చేతిలో ఇది ఉంటే ఎవరు పిలిచినా వినపడదు."

బావ నా వైపు చూశాడు. అతను ఫోన్ చేయడానికి కారణమైన మాటను కూతురే చెప్పేసింది. ఇక పంపేద్దామని అతని ముఖంలో సగం తేలిపోయింది.

"అది దోషమెట్లా అయిద్దే?" అంది అమ్మమ్మ. "నేను పాట పాడింది దాని కోసమేగా."

హర్షితకు అర్థం కాలేదు. నాకు, బావకు అర్థమైంది. ఒకే లక్షణం ఒకరి చేతిలో దోషంగానూ మరొకరి చేతిలో గుణంగానూ ఉంటే దానిని ఏ పక్షాన వేయాలో నా డిబేటు చదువు నాకు నేర్పలేదు. నేర్పని దానికి తీర్పు చెప్పడం భావ్యం కాదనిపించి, నాకు తెలిసిన పనే చేశాను. "సరుకు దోషాలు విన్నారు. డబ్బా వెనక్కి వెళ్ళడం కూడా ఒక పాటే, దానికి మించి ఎవరూ పాడకపోతే సోమవారం బందరు వెళ్తుంది. ఇంటిల్లిపాదీ పాడవచ్చు. పని ముందు, ఆట తరవాత, రోజూ నాలుగింటికి" అన్నాను. నా గొంతు తాతయ్య గొంతు కాదు. వీధి దాకా కూడా వెళ్ళలేదు.

"చెరువు దగ్గరికి నాన్న క్యారేజీ నేనే పట్టుకెళ్తా" అంది హర్షిత. సైకిలు మీద వెళ్ళి రావడానికి సాయంత్రం సగం పడుతుంది. మంచి పాట. బావ ఆకాశం చూశాడు.

"క్యారేజీ. ఒకటోసారి" అన్నాను. "రెండోసారి."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఈ పూట వంట" అని వినిపించింది లోపలి నుంచి.

హర్షిత తండ్రిని చూసింది, తండ్రి కుర్చీని చూశాడు, కుర్చీలోని అమ్మమ్మ నన్ను చూసింది. నేను మూడోసారి అన్నాను.

వంట ముగించుకుని పద్మక్క చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డబ్బా అందుకుని, కత్తిపీట అంచున పెట్టి సీలు కోసింది. ఇక అది ఏ కొట్టుకూ వెళ్ళదని అందరికీ తెలిసిపోయింది. హర్షిత మెటికలు విరుచుకుంటూ, "అమ్మకి ఆడటం రాదు పిన్నీ" అంది. "నాకూ రాదు" అంది అమ్మమ్మ. రేపటి పాటకు క్యారేజీ మీద ఇంకేం కలపాలా అని ఆ పిల్ల అప్పుడే వేళ్ళు మడుస్తోంది.

పద్మక్క వసారాలో గోడకు చేరగిలబడి, యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తెర తనంతట తానే వెలిగింది. అది ఆమె గడ్డం కింద నీలంగా వెలుగుతూ ఉంటే, ఆమె ఏటి వైపు నుంచి వచ్చే గాలికి ముఖం పెట్టి కూర్చుంది. కాసేపటికి శ్రీను బావ, అలవాటు కొద్దీ, "పద్మా, కాసిని మంచినీళ్ళు" అన్నాడు. అని, తానే ఆగి, లేచి లోపలికి వెళ్ళాడు. గ్లాసు కోసం అతను గిన్నెలు కదుపుతున్న చప్పుడు మాకు చాలాసేపు వినిపించింది.